ఎర్ర కారు, నాలుగు నల్ల చుక్కలు

మిర్యాలగూడ దగ్గరి ఒక రైస్ మిల్లులో లెక్కలు రాసే పాఠకుడు ఆరు పేజీల ఉత్తరం పంపారు. పేరు వద్దన్నారు, రాయడం లేదు. చిట్టీ ఎత్తుకుని పోయిన ఏడాది 2016 మోడల్ ఎర్ర కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. దానికి వెనుక పార్కింగ్ సెన్సార్లు లేవు. ఇంటి వాకిలి ఇరుకు, గల్లీ అంతకంటే ఇరుకు. నల్గొండలో 1,800 రూపాయలు పెట్టి నాలుగు సెన్సార్ల కిట్టు బిగించుకున్నారు. అది బాగానే పనిచేసింది. కానీ సెన్సార్లు నల్లవి. "బంగారమసొంటి కారుకు ఎనక ఎవడో బీడీతోని నాలుగు జాగల కాల్చినట్టున్నది" అని భార్య మనసు కష్టపెట్టుకుంది.

ఆమె తమ్ముడికి ఇరవై మూడేళ్లు. నాలుగేళ్లు హైదరాబాద్‌లో డెంటింగ్, పెయింటింగ్ పని నేర్చుకుని వచ్చి, మామగారు అప్పు తెచ్చి కొనిచ్చిన కంప్రెషర్‌తో బైపాసు పక్కన సొంత షెడ్డు పెట్టాడు. అక్క కారే మొదటి పని. పైసా తీసుకోకుండా సెన్సార్లకు ఎర్ర రంగు వేసి ఇచ్చాడు. ఎక్కడున్నాయో వెతికితే గానీ కనపడనంత అందంగా కుదిరింది. అక్క మురిసిపోయింది, తమ్ముడు ఫొటోలు తీసి అందరికీ పంపాడు.

మర్నాడే తిప్పలు మొదలయ్యాయి. రివర్స్ గేరు వేస్తే చాలు, వెనుక ఏమీ లేకున్నా ఒకటే కూత. ఎడమ వైపు సెన్సారేమో గోడకు జానెడు దగ్గరికి వచ్చేదాకా పలకదు. బామ్మర్ది మనసు నొచ్చుకుంటుందని మన పాఠకుడు ఎవరికీ చెప్పకుండా డిక్కీలో ఉన్న బజరు వైరు పీకేశారు. పది రోజుల కింద వాకిట్లో కారు వెనక్కి తీస్తుంటే, నాలుగేళ్ల మేనల్లుడు బంతి కోసం బండి వెనక్కి వచ్చాడు. ముప్పై ఏండ్లు ఆర్టీసీ బస్సు నడిపిన నాయిన అరుగు మీద నుంచి "ఆపురా!" అని అరిచారు కాబట్టి సరిపోయింది. "సెన్సార్ మోగలేదా?" అని భార్య అడిగితే, "మోగింది, నేనే చూస్కోలే" అన్నారట. ఆమె ఇప్పుడు డ్రైవింగ్ నేర్చుకుంటోంది. బతుకమ్మకు ఆడబిడ్డలు పిల్లలతో వస్తున్నారు. హైదరాబాద్ పోయి గుట్టుగా కొత్తవి వేయించుకోవాలా, ఉన్నవాటి మీది రంగు గీకేస్తే బాగవుతాయా, బామ్మర్దికి చెప్పాలా వద్దా, చెబితే ఎట్లా చెప్పాలి? ఇవీ ఆయన అడిగినవి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అడిగింది రంగు గురించే అయినా, ఆరింటిలో నాలుగు పేజీలు ఆ రోజు వాకిట్లో జరిగిన దాని గురించే రాశారు. మీకు నిద్ర పట్టనివ్వనిది అదే. కాబట్టి ముందు అక్కడికే వస్తాను.

వైరు పీకడంలో మీ దురుద్దేశం ఏమీ లేదు. గేరు వేసిన ప్రతిసారీ చెవిలో కూసేదాన్ని ఎవరైనా ఎన్ని రోజులు భరిస్తారు? ఆగకుండా కూసే సెన్సారుతో ఉపయోగమూ లేదు. కానీ కూస్తున్నంత కాలం అది చెడిపోయిందని ఇంట్లో అందరికీ తెలుస్తుంది. నోరు మూసుకుంటే మాత్రం వెనుక ఏమీ లేదనే అర్థం చేసుకుంటారు. మీ ఇంట్లో ఇప్పుడు అందరూ ఆ నిశ్శబ్దాన్ని నమ్ముతున్నారు. అందరికంటే ఎక్కువ నమ్మేది కొత్తగా స్టీరింగ్ పట్టిన మీ భార్య. నేర్చుకునేవాళ్లకు అద్దాల్లో దూరం ఇంకా అంచనాకు రాదు, చెవి మీదే ఆధారపడతారు.

అందుకని ఈ రాత్రి అన్నం దగ్గరే చెప్పేయండి. సెన్సార్లు పనిచేయడం లేదు, వైరు నేనే తీశాను అని ఆ రెండు ముక్కలూ చెబితే చాలు. ఎందుకు పనిచేయడం లేదో అందరి ముందూ విప్పనక్కర్లేదు, దాని సంగతి తర్వాత చెబుతాను. ఒక కాగితం ముక్క మీద "సెన్సార్ పనిచేస్తలేదు" అని రాసి స్పీడోమీటరు పక్కన అంటించండి. బాగయ్యేదాకా కారును గల్లీ మొగదలే ఆపుకోండి. వాకిట్లోకి తేక తప్పదంటే, పెద్దవాళ్లలో ఒకరు బయట నిలబడి, పిల్లలంతా తన కళ్ల ముందున్నారని చూసుకున్నాకే కదిలించండి.

ఇక రంగు సంగతి. నేను పాలమూరులో చాలా ఏండ్లు బండ్ల పనిలో ఉన్నవాణ్ణి. సెన్సారుకు రంగు వేయడమే తప్పని కొందరు మెకానిక్కులు అంటారు, అది నిజం కాదు. కొత్త కార్ల బంపర్లు చూడండి, చాలావాటికి సెన్సార్లు బాడీ రంగులోనే ఉంటాయి, కంపెనీవాళ్లే వేస్తారు. మన దేశంలో 2019 జూలై 1 నుంచి తయారయ్యే కార్లకు వెనుక పార్కింగ్ సెన్సార్లు తప్పనిసరి చేశారు కాబట్టి ఇప్పుడు రోడ్డు మీద రంగు వేసిన సెన్సార్లు లక్షల్లో తిరుగుతున్నాయి. మీ భార్య కోరిక తీర్చగలిగిన కోరికే. ఎంత రంగు, ఎక్కడెక్కడ పడింది అన్నదే అసలు విషయం.

సెన్సారు బయటికి గుండీలా కనిపిస్తుంది గానీ, లోపల అది పల్చటి అల్యూమినియం గిన్నె. గిన్నె అడుగుకు లోపలి వైపు ఒక పీజో బిళ్ల అతికించి ఉంటుంది. కరెంటు అందితే బిళ్ల వణుకుతుంది, దాంతోపాటు గిన్నె అడుగు కూడా, అంటే మనకు బయటికి కనిపించే ముఖం వణుకుతుంది. మామూలు కిట్లలో అది సెకనుకు సుమారు 40 వేల సార్లు. మనిషి చెవి 20 వేలు దాటితే వినలేదు కాబట్టి మనకు ఆ చప్పుడు తెలియదు. ఆ ధ్వని గోడకు తగిలి వెనక్కి వచ్చేసరికి అదే ముఖం చెవిగా మారి వింటుంది. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. మీటరు దూరంలో గోడ ఉంటే ప్రతిధ్వని రావడానికి సెకనులో వెయ్యింట ఆరు వంతులు పడుతుంది. 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే రెండు వంతులు కూడా పట్టదు. సెన్సార్ల వైర్లు వెళ్లి చేరే కంట్రోల్ డబ్బా డిక్కీలో ఉంటుంది, అది ఆ సమయాన్ని కొలిచి దూరం లెక్కగట్టి బజరు మోగిస్తుంది.

గుడిలో గంట కొట్టి చూడండి. దెబ్బ పడ్డాక కూడా కాసేపు గుయ్యిమంటూ ఉంటుంది. ఆ మోత తగ్గేదాకా పక్కనున్న మనిషి మెల్లగా చెప్పే మాట వినపడదు. సెన్సారుదీ అదే అవస్థ. అరిచాక తన వణుకు తాను అణచుకుంటేనే దగ్గరి ప్రతిధ్వని వినగలదు. అందుకే మంచి సెన్సారు కూడా మరీ దగ్గరికి వచ్చిన వస్తువు దూరం చెప్పలేదు. ఆ వణుకు బంపర్‌కు పాకకుండా గిన్నె చుట్టూ మెత్తటి రబ్బరు లాంటి సిలికాన్ రింగు ఒకటి ఉంటుంది. ఆ రింగును గుర్తుపెట్టుకోండి, మీ కారు కథంతా దాని చుట్టే ఉంది.

మన దగ్గర డప్పు వాయించేవాళ్లు ముందు దాన్ని మంట మీద కాస్తారు. తేమ పట్టిన తోలు బరువెక్కుతుంది, శ్రుతి దిగిపోతుంది, దెబ్బ ఎంత గట్టిగా వేసినా గొంతు లేవదు. మందపు రంగు పడ్డ సెన్సారు ముఖం తేమ పట్టిన డప్పే. ముఖం బరువెక్కితే అది సహజంగా వణికే వేగం మారిపోతుంది. డబ్బా మాత్రం పాత వేగంతోనే దాన్ని కొడుతూ ఉంటుంది. అరుపు బలహీనమవుతుంది, వినికిడి మందగిస్తుంది. మీ ఎడమ సెన్సారు జానెడు దూరం దాకా పలకకపోవడం ఇందువల్లే అయివుంటుంది.

ఆగకుండా కూసే వాటిది వేరే కథ. బామ్మర్ది సెన్సార్లను బంపర్‌లోంచి తీయకుండా, చుట్టూ టేపు వేసి స్ప్రే గన్ పట్టాడని రాశారు. అట్లా చేస్తే ముఖానికీ రింగుకూ బంపర్‌కూ మధ్యనున్న సన్నటి సందులో రంగు దిగి గట్టిపడుతుంది. మెత్తటి రింగు చేయాల్సిన పనిని ఆ గట్టి పొర చెడగొడుతుంది. వణుకు బంపర్‌లోకి పాకి, అక్కడి నుంచి మళ్లీ సెన్సారుకే చేరుతుంది. డబ్బాకు అది ప్రతిధ్వనిలాగే తోస్తుంది. ఎదురుగా ఏదో ఉందనుకుని కూస్తుంది.

ఎర్ర రంగు వల్ల ఇంకో చిక్కు. పెయింటర్లను ఎవరినైనా అడగండి, ఎరుపుకు కింది రంగును కప్పే గుణం తక్కువ. తెలుపు మీద ఇట్టే తేలుతుంది, నలుపు మీద ఎన్ని కోట్లు, అంటే ఎన్ని పూతలు, కొట్టినా లోపల్నుంచి నలుపు తొంగిచూస్తుంది. నల్ల సెన్సారు మీద ఎరుపు నిండుగా కనిపించాలని బామ్మర్ది అడుగున ప్రైమరు, దాని మీద నాలుగు కోట్ల ఎరుపు, పైన మెరుపు కోసం రంగులేని క్లియర్ రెండు కోట్లు వేశాడు. బంపర్ అయితే అది మంచి పనే. కంపెనీ నుంచి వచ్చే కారు బాడీ మీద రంగు పొరలన్నీ కలిపి సుమారు 100 మైక్రాన్లు ఉంటాయి, మిల్లీమీటరులో పదో వంతు. అంతే మందం లేదా అంతకు ఎక్కువ ఈ చిన్న గిన్నె నెత్తిన పడింది. పిల్లవాడు పని చెడ్డగా చేయలేదు, బంపర్‌కు చేసినంత నిండుగా సెన్సారుకూ చేశాడు. ఈ తేడా షెడ్డులో ఎవరో ఒకరు చెబితే తప్ప తెలిసేది కాదు.

గీకేస్తే బాగవుతాయా అని అడిగారు. నేనైతే ఆ జోలికి పోను. థిన్నర్ పెడితే రంగుతోపాటు ప్లాస్టిక్ గూడు మెత్తబడుతుంది, సిలికాన్ రింగు ఉబ్బుతుంది, లోపలికి చేరితే బిళ్లను పట్టి ఉంచిన అతుకు కూడా వదలవచ్చు. వాటర్ పేపర్‌తో రుద్దితే రంగు పోతుంది గానీ, చేయి కాస్త ఎక్కువ పడితే గిన్నె ముఖం కూడా అరిగిపోతుంది. ముఖం పల్చబడితే మళ్లీ శ్రుతి మారుతుంది. రోజంతా కూర్చుని నాలుగూ రుద్ది, చివరికి రెండు పనిచేసి రెండు చేయకపోతే మీరు మొదటికే వస్తారు. ఒక్కోటి వేలల్లో ఖర్చయ్యే కంపెనీ సెన్సార్లయితే జాగ్రత్తగా ప్రయత్నించమనేవాణ్ణి. 1,800 రూపాయల కిట్టుకు ఆ కష్టం దండగ.

మొదటి దారి, అన్నిటికంటే సులువైనది, అదే కిట్టు మళ్లీ కొని, నల్లవే బిగించి, రంగు మాట మరచిపోవడం. పాత డబ్బా ఉంచి సెన్సార్లు మాత్రమే మారుద్దామనుకుంటే ఒక కిట్టుది మరో కిట్టుకు నప్పుతుందన్న నమ్మకం లేదు, కిట్టంతా తీసుకోవడమే మేలు. కొత్త నల్ల సెన్సార్లతో మర్నాటి నుంచే మీరు నిశ్చింతగా ఉంటారు. కానీ మీ భార్య ప్రతి ఉదయం వాకిలి ఊడుస్తూ ఆ నాలుగు మచ్చలూ చూడాలి. ఆ కారుకు కట్టిన చిట్టీలో ఆమె కుట్టుమిషను డబ్బులు కూడా ఉన్నాయని మీరే రాశారు. ఆమె మాటను మోజు అని కొట్టిపారేయకండి. సొంత చెమట పెట్టి కొన్న వస్తువు చక్కగా కనపడాలని కోరుకోవడంలో తప్పేముంది?

రెండో దారి రంగుతో వచ్చే సెన్సార్లు. కిట్లు తెలుపు, వెండి రంగుల్లో సులువుగానే దొరుకుతాయి, వెతికితే ఎరుపు కూడా దొరకవచ్చు. మందం బెడద ఉండదు. కానీ ఆ ఎరుపు మీ కారు ఎరుపు కాదు. మీ బండి ఎన్నో ఎండాకాలాలు చూసింది. నల్గొండ మే నెల ఎండ ఎర్ర రంగును ఎట్లా పాలిపోయేట్టు చేస్తుందో మీ ఊళ్లో ఏ పాత ట్రాక్టరును చూసినా తెలుస్తుంది. అప్పుడు నాలుగు నల్ల చుక్కలకు బదులు నాలుగు వేరే ఎరుపు చుక్కలు ఉంటాయి. దూరం నుంచి తెలియదు, దగ్గరికి వస్తే తెలుస్తుంది. దీనికి ఆమె ఒప్పుకుంటుందో లేదో కొనకముందే దుకాణంలో చూపించి అడగండి.

మూడో దారి నాకు నచ్చిన దారి. దీనికి ఓపిక కావాలి. తెల్ల సెన్సార్ల కిట్టు కొని, బామ్మర్ది చేతే మళ్లీ రంగు వేయించండి, ఈసారి పల్చగా. తెలుపు మీద ఎరుపు తొందరగా తేలుతుంది కాబట్టి రెండు పల్చటి కోట్లతో పని అయిపోతుంది, పైన ఒక పల్చటి క్లియర్ చాలు. గుంటలు పూడ్చే లప్పం అంటించకూడదు. గీతలు పూడ్చే మందపు ప్రైమరు కొట్టకూడదు. నున్నటి ముఖాన్ని వెయ్యి నంబరు వాటర్ పేపర్‌తో మెరుపు చచ్చేదాకా మెల్లగా రుద్దితే చాలు, రంగు పట్టుకుంటుంది. అంచున ఉన్న ప్లాస్టిక్ మీద మాత్రం ప్లాస్టిక్ ప్రైమరు ఒక చెయ్యి పడాలి, లేకపోతే రెండు వానలకే పెచ్చులు లేస్తుంది.

బంపర్‌లో ఉండగా మాత్రం వేయవద్దు. బయటికి తీసి, అట్టపెట్టెకు నాలుగు రంధ్రాలు చేసి వాటిలో నిలబెట్టి కొట్టాలి. కనెక్టరుకు, వైరుకు, సిలికాన్ రింగుకు మాస్కింగ్ టేపు చుట్టాలి. రింగు ఊడి వచ్చే రకమైతే తీసి పక్కన పెట్టాలి. ఎండబెట్టడానికి హీటర్ లైటు దగ్గరికి తేవద్దు, నీడన రాత్రంతా వదిలేస్తే చాలు. బైపాసు పక్కన షెడ్డు అంటే దుమ్ము ఎట్లా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు, ఏదైనా బోర్లించి ఉంచండి. ఏ సెన్సారు ఏ చోటిదో, ఏది పై వైపో వెనుక పెన్నుతో రాసుకోవాలి. పై వైపు కిందికి తిప్పి బిగిస్తే అది నేలను చూసి కూస్తుంది, అప్పుడు తప్పు రంగు మీద పడుతుంది.

రంగు కలిపేటప్పుడు డోరు పిల్లరు మీద రాసి ఉండే రంగు కోడు చూసి కలిపినా, చివరి తేడా బంపర్ పక్కన పెట్టి చూసుకోమనండి, డోరు పక్కన కాదు. బంపరు ప్లాస్టిక్, డోరు ఇనుము. ఎండకు రెండూ ఒకేలా మారవు, సెన్సారు కూర్చునేది బంపర్‌లో. అట్ట ముక్క మీద కొట్టి, ఆరాక బయట వెలుతురులో చూడాలి. ట్యూబులైటు కింద ఎరుపు అబద్ధం చెబుతుంది.

ఈ దారిలో పోవాలంటే పరీక్ష తప్పదు. మీ ఇంట్లో ముగ్గు డబ్బా ఉంటుంది కదా. కారు వెనుక బంపర్ నుంచి టేపుతో కొలిచి 30 సెంటీమీటర్లకు, 60కి, మీటరుకు, మీటరున్నరకు నాలుగు ముగ్గు గీతలు గీయండి. ఇంజన్ ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, తాళం ఆన్ చేసి రివర్స్ గేరులో ఉంచండి. ఒకరు నిలువెత్తు మూడంగుళాల ప్లాస్టిక్ పైపు పట్టుకుని ఒక్కో సెన్సారు ఎదురుగా ఒక్కో గీత మీద నిలబడాలి. ఎక్కడ మొదటిసారి కూసిందో, ఎక్కడ కూత మారిందో నోటుబుక్కులో రాసుకోండి. కొత్త కిట్టు రంగు వేయకముందే బిగించి ఇట్లా ఒకసారి, రంగు వేశాక మరోసారి. రెండు లెక్కలూ దగ్గర దగ్గరగా ఉంటే పని కుదిరినట్టు. ఏ ఒక్క సెన్సారైనా జానెడు కంటే ఎక్కువ దూరం పోగొట్టుకుంటే దాన్ని వాడవద్దు. వెనుక ఏమీ లేనప్పుడు ఐదు నిమిషాలు ఊరికే ఉంచి చూడండి, ఒక్కసారి కూడా కూయకూడదు. గేరులో ఉండగా వేలు సెన్సారు ముఖానికి ఆనిస్తే టిక్ టిక్‌మని సన్నగా తగులుతుంది. చచ్చిన సెన్సారుకు అది ఉండదు.

వినైల్ స్టిక్కర్ కోసి అంటించమని మీకు ఎవరో సలహా ఇచ్చారట. వద్దు. ముఖానికీ స్టిక్కరుకూ మధ్య గాలి బుడగ మిగిలితే రంగు కంటే ఎక్కువ చెడగొడుతుంది.

బామ్మర్దికి చెప్పాలా వద్దా అన్నదానికి వస్తాను. గుట్టుగా హైదరాబాద్ పోయి మార్పించుకుంటే ఏమవుతుందో ఒక్కసారి ఆలోచించండి. ఈ వారం గండం గడుస్తుంది. కానీ తన పని తన కళ్లు పట్టకుండా ఉంటాయా? పక్కింటివాళ్లు పోల్చుకోలేని ఎరుపు తేడా అతను పది అడుగుల నుంచే పడతాడు. తన పని చెరిపేసి ఇంకొకరి చేత చేయించారని తెలిస్తే కలిగే బాధ, ముఖం మీద చెబితే కలిగే బాధ కంటే పెద్దది. అంతకంటే పెద్ద విషయం ఇంకొకటి ఉంది. అతను పంపిన ఫొటోలు చూసి రేపు ఎవరో తమ కారు తెస్తారు. ఎరుపు మీద ఎరుపు, క్లియర్ మీద క్లియర్ మళ్లీ అట్లాగే కొడతాడు. ఆ ఇంటి వాకిట్లో అరుగు మీద అరిచే నాయిన ఉండకపోవచ్చు.

అందరి ముందు చెప్పడం కూడా సరికాదు. అత్తగారింట్లో, మామగారి ఎదుట, అప్పు చేసి పెట్టిన షెడ్డు గురించి అల్లుడు నోరు విప్పితే అది రంగు దగ్గర ఆగదు. పొద్దున్నే, గిరాకీలు రాకముందు, ఒక్కరే షెడ్డుకు వెళ్లండి. వైరు ముందే తగిలించి తీసుకెళ్లండి. "నువ్వు ఖరాబు చేసినవ్" అని మొదలుపెట్టకండి. "జర గీ బండి చూడు, ఎనక ఏం లేకున్నా కూస్తున్నది, ఎందుకో ఇద్దరం కలిసి చూద్దాం రా" అనండి. గేరు వేసి కూత విననివ్వండి. సెన్సారు చుట్టూ సందులో గట్టిపడ్డ రంగు గోటితో తడిమి చూడనివ్వండి. తన చేతి పని తన వేలికే తగిలితే, మీరు ఇంకేమీ చెప్పనక్కర్లేదు. నాలుగేళ్లు గన్ పట్టినవాడు అర్థం చేసుకోవడానికి అది చాలు. ఆ తర్వాత పిల్లవాడు కారు వెనక్కి వచ్చిన సంగతి చెప్పండి. అది దాచకండి, కానీ "నీ వల్ల" అనకండి. వైరు తీసింది మీరు. ఆ మాట మీ నోటితో వస్తే అతని తల బరువు సగం దిగుతుంది.

మొదట కోపం రావచ్చు. "అందరూ గట్లనే ఏస్తరు బావా" అనవచ్చు. వాదించకుండా వచ్చేయండి, రెండు రోజులు ఆగండి. అప్పటికీ ఒప్పుకోకపోతే మొదటి దారి ఉండనే ఉంది, కొత్త నల్ల కిట్టు బిగించుకోండి. అక్కడ మాత్రం మొహమాటపడకండి. బంధుత్వం కోసం కొన్నాళ్లు నల్ల చుక్కలు భరించవచ్చు, పిల్లలున్న వాకిట్లో చెవిటి సెన్సార్లు పెట్టుకుని తిరగలేరు.

ఒప్పుకున్నాడంటే కిట్టు ఖర్చు మీరే పెట్టుకోండి, ఈసారి కూలి కూడా ఇవ్వండి. డబ్బు తీసుకున్న పనికి పరీక్ష అడగడం సులువు, ఉచితంగా చేసిన పనిని పరీక్షించడం అవమానంగా ఉంటుంది. ఉత్తరంలో మీరు మాటవరసకు రాసిన ఒక సంగతి నన్ను వదలడం లేదు. అతను ముక్కుకు దస్తీ కట్టుకుని గన్ పడతాడన్నారు. గట్టిపరిచే మందు కలిపే రంగుల్లో ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. అవి ఊపిరితిత్తులకు పట్టి ఆస్తమా తెస్తాయి, దస్తీ వాటిని ఆపదు. రసాయనాల ఆవిరిని వడగట్టే కార్ట్రిడ్జి ఉన్న మాస్కు ఒకటి కొనిచ్చి రండి. ఇరవై మూడేళ్ల పిల్లవాడు ఇంకా చాలా ఏండ్లు ఆ గాలి పీల్చాలి.

మీ భార్యతో మాట. "మోగింది, నేనే చూస్కోలే" అన్నది మీరు తమ్ముడి పరువు కాపాడటానికి అన్న మాటే, నాకు తెలుసు. కానీ దాని వల్ల ఆమె రెండు తప్పుడు విషయాలు నమ్ముతోంది. సెన్సార్లు పనిచేస్తున్నాయని, తన భర్త కూత విని కూడా ఆపలేదని. ఆమె మీ పక్కన కూర్చుని బండి నేర్చుకుంటోంది. ఈ రెండూ ఆమె మనసులో ఉన్నంత కాలం మీరు చెప్పే పాఠం ఆమెకు ఎక్కదు. రాత్రి అన్నం దగ్గర అందరికీ వైరు సంగతి చెప్పాక, ఆమెతో ఒక్కదానితో రంగు సంగతి చెప్పండి. బామ్మర్దితో మాట్లాడాకే చెబుదామని మీకు అనిపించవచ్చు. నేను మాత్రం ముందే చెప్పమంటాను, తమ్ముడి మనసు మీకంటే ఆమెకే బాగా తెలుసు. షెడ్డుకు ఎప్పుడు పోవాలో, ఏ మాటతో మొదలుపెట్టాలో ఆమే చెప్పవచ్చు. నల్ల చుక్కలు తానే వద్దన్నందుకు ఇంత జరిగిందని ఆమె కుమిలిపోతే, ఆ ఆలోచనను వెంటనే తుంచండి. సెన్సారుకు రంగు వేయించుకునే ప్రతి ఇంట్లోనూ ఆమెలాగే ఎవరో ఒకరు అడిగి ఉంటారు.

అన్నీ కుదిరి కొత్త సెన్సార్లు చక్కగా పనిచేస్తున్నా అవి చూడలేనివి కొన్ని ఉంటాయని ఆమెకు నేర్పండి. సన్నటి ఇనుప కడ్డీ, తీగ వాటికి సరిగా అందవు. మెత్తటి బట్ట ధ్వనిని మింగేస్తుంది. ఏటవాలు గోడ ప్రతిధ్వనిని పక్కకు తోసేస్తుంది. బంపర్ కిందికి వంగి బంతి తీసుకుంటున్న పిల్లవాడు వాటి చూపుకు కిందే ఉండిపోవచ్చు. వానాకాలంలో చల్క నేల మట్టి ఎగిసి సెన్సార్ల మీద ఎండిపోతుంది, అది కూడా రంగు పూతలాంటిదే, తడి గుడ్డతో తుడవాలి. ఎక్కేముందు కారు చుట్టూ ఒకసారి నడిచి రావడం మీ నాయినకు బస్సు దగ్గర అలవాటై ఉంటుంది. కోడలికి ఆయన చేతే నేర్పించండి. డబ్బు మిగిలితే వెనుక కెమెరా కూడా పెట్టించుకోండి. దానికి రంగు బాధ లేదు, బంపర్ వెనుక కింద ఏముందో కూడా చాలావరకు కనిపిస్తుంది.

చివరిగా, రంగు కుదిరాక ప్రతి సెన్సారు చుట్టూ వెంట్రుకంత సన్నటి నల్ల గీత మిగులుతుంది. అది సిలికాన్ రింగు. దానికి రంగు వేయకూడదు. ఈ సంగతి మీ భార్యకు కారు షెడ్డుకు పంపకముందే చెప్పండి. లేకపోతే బతుకమ్మకు ముందు రోజు ఆ గీత చూసి, "గిది కూడా జర నింపు తమ్మీ" అని ఆమె అంటుంది, అతను కాదనలేడు.